నీలి బొంతలు

ఆ పూట రూతమ్మ ప్రార్థనలో శ్రీలత పేరు రాలేదు.

అన్నం ముందు కళ్లు మూసుకుంటే రూతమ్మ నోట వచ్చే పేర్లకు ఒక వరుస ఉంది. ముందు మొగుడు పోశం, తర్వాత సిరిసిల్లలో బట్టలు కుట్టే షెడ్డులో పనిచేసే కొడుకు అజయ్, ఆఖరున బిడ్డ శ్రీలత. బిడ్డ పంతులమ్మ అయిన ఈ పది నెలల్లో ఆ ఆఖరి పేరు దగ్గర ఆమె గొంతు కాస్త సాగేది కూడా. ఈ పొద్దు అజయ్ దగ్గరే ‘ఆమెన్’ పడిపోయింది.

పోశం ఒక కన్ను తెరిచి చూశాడు.

“ఏమే, ఒక పేరు మర్సిపోయినవ్.”

“మర్వలే.”

అంతే. కంచాల్లో పచ్చిపులుసు పోసి, కూర గిన్నె బిడ్డ వైపు జరిపింది. చేత్తో ఇవ్వలేదు, జరిపింది. నిన్న మధ్యాహ్నం ఆమె బిడ్డ బడి చూసి తిరిగొచ్చిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో గిన్నెల చప్పుడే గానీ మనిషి చప్పుడు లేదు.

పోశానికి ఇలాంటి మౌనాలు పడవు. కోరుట్ల మార్కెట్ యార్డులో ముప్పై ఏళ్లు బస్తాలు మోసినవాడు. రహస్యం చెప్పినా నాలుగిళ్లకు వినబడేలా చెప్పడమే ఆయనకు తెలుసు.

“రేపు బడి తెరుస్తున్నరు. పిల్ల నెల రోజుల సంది గా గది మీదనే పానం వెట్టింది. గియాల్ల నువ్వు గిట్ల మూతి ముడుసుకుంటే ఎట్లనే?” అంటూ జేబులోంచి ఫోను తీశాడు. “సూడు, ఎంత ముద్దుగున్నదో. మా హమాలోళ్లందరికి సూపిచ్చిన. ఒక్కొక్కడు నోరు తెరిసిండు.”

ఫొటోలో ఒకటో తరగతి గది వెలిగిపోతోంది. కోడిగుడ్ల అట్టలతో చేసిన పూలు, కాగితం ప్లేట్ల సూర్యుళ్లు, గోడ చుట్టూ ‘అ’ నుంచి ‘ఱ’ దాకా అక్షరాలు, నెలకొక డబ్బా చొప్పున పన్నెండు డబ్బాల పుట్టినరోజు రైలు. పిల్లలే గీసుకునేలా గోడ కింది భాగానికి నల్లరంగు. నేల మీద పద్నాలుగు చిన్న బొంతలు, ఒక్కో బొంత మీద ఒక్కో పేరు. బోర్డు ముందు, కిటికీ కింద ఆరు పసుపువి. తలుపు దగ్గర ఎనిమిది నీలివి.

అజయ్ షెడ్డు నుంచి తెచ్చిన కట్ పీసులతో వాటిని కుట్టింది రూతమ్మే. శ్రీలత సుద్దముక్కతో పేర్లు రాసిస్తే, ఆ గీతల మీద సూది నడిపించింది కూడా ఆమే. ఇప్పుడు మాత్రం ఆ ఫొటో వైపు కన్నెత్తి చూడలేదు.

“గా నీలి బొంతలు ఎవలియో నీ బిడ్డనడుగు.”

పోశం బిడ్డ వైపు తిరిగాడు. శ్రీలత తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని, కలిపిన అన్నాన్నే మళ్లీ కలుపుతోంది.

“ఎవలియి బిడ్డా?”

“పిల్లలయి బాపూ. ఇంకెవలియి?”

“ఏ పిల్లలయి?” రూతమ్మ అందుకుంది. “చెప్పు. కింది వాడ పిల్లలయి. ఎనిమిదికి ఎనిమిది మనసొంటోళ్లయే. పసుపుయి పెద్ద వాడోళ్లయి. నాకేం ఎర్క? నేను గా ఊరి మొకం సూసిందే నిన్న. బడిల వంట చేసే సత్యవ్వ చెప్పింది. ‘మంచిగ కుట్టినవమ్మా, మా వాడోళ్లయి అన్ని నీలియే, గుర్తువట్టుడు అల్కగైతది’ అన్నది. నవ్వుకుంటనే అన్నది. గామె నన్ను తిట్టినా బాగుండు.”

పోశం ఫోను మళ్లీ చూశాడు. ఈసారి ముక్కు దగ్గరికి తెచ్చుకుని, వేళ్లతో పెద్దది చేసి. ఆయన వేలు బొమ్మలు దాటి, అక్షరాలు దాటి, తలుపు దాకా వెళ్లింది. అక్కడ ఆగింది.

“నాకు ఎర్కలేకుంట అయింది బాపూ,” అంది శ్రీలత తొందరగా. “పేర్లు రాసుకునేటప్పుడు వాడవాడ తిరిగి రాసిన. లిస్టు గట్లనే ఉండె. మీదికెల్లి ఆరు పసుపు, కింద మిగిలినయి నీలి. రెండు జట్లు గావాలె గదా, ఆటలకు పాటలకు. పొద్దుతిరుగుడు జట్టు, ఆకాశం జట్టు. గంతే.”

లిస్టు అలా ఉన్న మాట నిజమే. మిగతాదంతా కల్ల. నిజంలో కల్ల కలిపితే అన్నంలో రాయి కలిసినట్టు, పంటి కింద పడేదాకా తెలియదు. కాకపోతే రూతమ్మ ఆ రాయిని అప్పటికే నములుతోంది.

“కుట్టేటప్పుడే అన్న గదా! ఒక్క రంగుతోటి బొంతేందే, బొంతంటేనే తీరుతీరు బట్టలు కలుపుతే అయ్యేది అని. ‘నీకు తెల్వదమ్మా, ఇది బడి’ అన్నవ్.”

“అయితే ఏమైందమ్మా ఇప్పుడు? నీలి అంటే తక్కువ రంగా? మన రంగే గదా! ఏప్రిల్ల జయంతి ఊరేగింపుల బాపు వట్టుకునే జెండ ఏం రంగు?”

ఆ మాట నోరు దాటాక గానీ అదెంత నీచంగా ఉందో శ్రీలతకు తెలిసిరాలేదు. పోశం ఎత్తిన ముద్ద కంచంలో పెట్టేశాడు. అరుస్తాడనుకుంది. అరిచినా బాగుండేది.

“నీలి జెండ వట్టుకొని తిరిగింది బోర్డు ముంగట కూసునేటందుకు బిడ్డా,” అన్నాడు. “తలుపుకాడ కూసునేటందుకు గాదు.”

ఆయన అంత మెల్లగా మాట్లాడగలడని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

బయట రోడ్డు మీద బస్సు పోయిన మోతకు గూట్లో గ్లాసులు గలగలమన్నాయి. రూతమ్మ వాటిని సర్దడానికి లేచి, సర్దకుండానే మళ్లీ కూర్చుంది.

“నేను రెండో తరగతి దాంక పోయిన,” అంది. “ఎందుకు బందువెట్టిన్నో ఎన్నడన్న అడిగినవా?”

“చిన్న మామను ఎత్తుకునేటందుకు ఇంట్ల ఉంచుకున్నరు అని నువ్వే చెప్పినవ్.”

“చెప్పిన. సిగ్గై గట్ల చెప్పిన. మా వాడ పోరగాండ్లను చెప్పులిడిసే కాడ కూసొవెడ్తుండె. వానొస్తే జల్లంత మా మీదికే. పలక మీద రాసిందంత కొట్టుకపోతుండె. ‘ఏం రాయలేదేందే’ అని సారు కట్టె వట్టుకొని వచ్చేది. ‘రాసిన సార్, వాన తుడిసింది’ అంటే ముంగట కూసున్నోళ్లంత కిలకిల నవ్వుదురు. ఒకనాడు ఇగ పోలే.”

“అమ్మా…”

“నన్ను చెప్పనియ్యి. గీ పద్నాలుగు పేర్లు కుట్టుకుంట కుట్టుకుంట నాకు అక్షరాలు వట్టుబడ్డయ్. ‘నీ’ అంటే గిట్లుంటది, ‘ల’ అంటే గిట్లుంటది అని. నీల. రెండే అక్షరాలు గదా, అన్నిటికన్న ముందు గదే వచ్చింది. మీ బాపుకు గూడ చెప్పలే. రేపు బడి తెరిసినంక నీ ముంగటనే సదివి సూపిద్దామనుకున్న.” కొంగుతో ముక్కు తుడుచుకుంది. “పేర్లు కుడ్తున్న అనుకున్న బిడ్డా. నువ్వు నాతోని కులాలు కుట్టిచ్చినవ్.”

శ్రీలతకు తల కొట్టేసినట్టయింది. చెయ్యి కడుక్కుని, కంచం ముందు నుంచి లేచి, సంచి భుజాన వేసుకుంది. అన్నం తిని పొమ్మని ఎవరూ అనలేదు.

*

కోరుట్ల నుంచి మల్లాపూర్ వైపు పోయే షేరింగ్ ఆటోలో ఏడుగురు ఎక్కాల్సిన చోట పదకొండు మంది ఎక్కారు. శ్రీలత ఒక మూలకు ఒదిగి కూర్చుంది. ఒళ్లో రంగు కాగితాల చుట్ట, గమ్ము సీసా, సంచులు తగిలించడానికి పద్నాలుగు కొక్కేలు.

ఆ పాపం లిస్టుది కాదు. రాజలక్ష్మి ఇంటి అరుగు మీద కుర్చీలో కూర్చుని, చాయ తాగుతూ తానే ఒప్పుకుని వచ్చింది.

పదిహేను రోజుల కిందటి మాట. ఒకటో తరగతిలో పదిమంది కంటే తక్కువ ఉంటే ఆ గదికి తాళం వేసి, ఉన్న పిల్లలను పక్కూరి బడిలో కలుపుతారని హెడ్మాస్టరు చెప్పాడు. కింది వాడ నుంచి చూస్తే ఎనిమిది మందే. పెద్ద వాడ పిల్లలంతా కోరుట్లలోని ప్రైవేటు బడి బస్సెక్కుతారు. ఆ వాడలో రాజలక్ష్మి ఔనంటే ఔను, కాదంటే కాదు. అందుకే శ్రీలత ఆమె గడప తొక్కింది.

రాజలక్ష్మికీ ఒక బాధ ఉంది. కొడుకు భూమేశ్ మస్కట్‌లో. మనవరాలు అక్షిత పొద్దున ఏడింటికి బస్సెక్కితే సాయంత్రం సోలిపోయి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా నిద్రపోతోంది. నిరుడంతా ఆ పిల్లకు మెలకువ ఉండగా అన్నం తినిపించిన రోజులు వేళ్ల మీద లెక్కబెట్టొచ్చు. శ్రీలత ఫోనులో గది బొమ్మలు చూసి ఆమె మెత్తబడింది. మెత్తబడి, ఆ మాట అడిగింది.

“అంత మంచిగనే ఉన్నది గని, మా పిల్లలను ఎవలి పక్కపొంటి కూసొవెడ్తవ్ బిడ్డా?”

“అందరు కలిసే కూసుంటరు గదమ్మా.”

“అమ్మా అంటవేంది, పెద్దమ్మా అను. సూడు బిడ్డా, నిన్నంటలేను. నీ సంగతి వేరు. సదువుకున్నవ్, నీటుగుంటవ్. గా కింది వాడ పోరగాండ్ల సంగతి నీకు తెల్వనిదా? మావోళ్లను జర కిటికీ కాడ, ముంగట కూసొవెట్టు. గంతే నేనడిగేది. ఆరుగురి పేర్లు గిప్పుడే రాసుకో.”

నీ సంగతి వేరు. ఆ మాటకు ఒళ్లు మండాలి. మండలేదు, అదీ శ్రీలతను ఇన్నాళ్లుగా తినేస్తున్న సంగతి. ఆ క్షణాన ఆమెకు సంతోషం వేసింది. పెద్ద వాడ అరుగు మీద కుర్చీ వేసి, ఇంట్లోవాళ్లు తాగే గ్లాసులోనే చాయ పోసి, పెద్దమ్మా అనమంటే లోపల ఎక్కడో ఓ చిన్న పిల్ల గంతులేసింది.

“సరే పెద్దమ్మా,” అంది. నవ్వింది కూడా.

బడి నిలబడాలని కదా చేశాను, ఆ ఎనిమిది మంది కోసమే కదా అని ఆటోలో ఎన్నోసారో తనకు తాను చెప్పుకుంది. ఆ మాట నిజమే. కానీ చాయ గ్లాసు చేతిలోకి వచ్చినప్పుడు ఆ ఎనిమిది మంది గుర్తుకు రాలేదన్నదీ నిజమే. అది తల్లికి తెలిస్తే? ఆ ఊహకే చచ్చినంత సిగ్గేసి, పక్కనున్న ముసలమ్మ ఏదో అడుగుతున్నా వినబడనట్టు రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది.

*

గదిలో సత్యవ్వ స్టూలెక్కి తోరణం కడుతోంది. మధ్యాహ్న భోజనం వండే మనిషికి తోరణాల పని ఎవరూ చెప్పలేదు. మనవరాలు నీల రేపటి నుంచి ఇదే గదిలో ఒకటో తరగతి కదా, ఆగలేక తానే వచ్చింది. ఆ నీల తలుపు దగ్గర తన బొంత మీద బాసింపట్టు వేసుకుని, బడి అప్పుడే తెరిచినట్టు కూర్చుని ఉంది.

“పొద్దుగాల్నుంచి లేస్తలేదు మేడం,” అంది సత్యవ్వ. “జాగ ఎవలన్న గుంజుకుంటరేమో అని బుగులు.”

“మేడం, గది ‘ఊ’. ఊ… తొట్టెల!” నీల గోడ మీద బొమ్మ వైపు చెయ్యి చూపించింది.

“తొట్టెల గాదే, ఊయల అనాలెనట,” సత్యవ్వ నవ్వింది. “సదువుల తొట్టెలను ఊయల అంటరు.”

“మేడం, నా పేరు నీల. నా బొంత గూడ నీలి! నా పేరు సూసే నాకు నీలి ఇచ్చిర్రట గదా? అమ్మమ్మ చెప్పింది.”

శ్రీలత గోడ వైపు తిరిగి, శుభ్రంగా అతుక్కుని ఉన్న ఊయల బొమ్మను ఊడదీసి మళ్లీ అతికించింది. కొక్కేలకు మేకులు కొట్టింది. ఒక మేకు వంకరపోతే పీకి, మళ్లీ కొట్టింది. వెనక నీల తన పేరు మీద వేలితో దిద్దుతూ పాడుకుంటోంది. ఆ పాట ఆగితే బాగుండునని పంతులమ్మకు అనిపించింది.

తలుపు దగ్గర నీడ పడింది. రూతమ్మ. చేతిలో కుట్టు సంచి. వెనకాలే ఇంకో ఆటో ఎక్కి వచ్చినట్టుంది.

“అమ్మా… బొంతలు తీస్కపోతవా?”

రూతమ్మ చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి, నీల పక్కన ఖాళీగా ఉన్న నీలి బొంత మీద కూర్చుంది. కూర్చుని బోర్డు వైపు తలెత్తింది. ఇటు వంగి చూసింది, అటు వంగి చూసింది.

“గీడికెల్లి ‘అ’ కనవడ్తలేదు,” అంది.

“నాక్కూడ కనవడ్తలేదు!” అంది నీల, అదేదో ఆటలా.

శ్రీలత సుత్తి కింద పెట్టి, వచ్చి తల్లి వెనక వంగి చూసింది. తెరిచిన తలుపు రెక్క బోర్డును సగానికి మూసేస్తోంది. నెల రోజులుగా ఈ గదిలో స్టూలెక్కి దిగి, గోడ గోడనూ కొలిచి, ఎక్కడ ఏ బొమ్మ ఉండాలో వందసార్లు మార్చింది. ఒక్కసారి కూడా ఇక్కడ కూర్చుని చూడలేదు.

“నువ్వే నా పేరు కుట్టినవా?” నీల రూతమ్మను అడిగింది.

“ఆఁ, నేనే.”

“మస్తు కుట్టినవ్.”

రూతమ్మ ఆ పిల్ల తల నిమిరింది. నిన్నటి నుంచి మొదటిసారి ఆమె ముఖం కాస్త విచ్చుకోబోయింది. అంతలోనే బయట గొంతు వినిపించింది.

“పంతులమ్మా! ఉన్నవా బిడ్డా?”

రాజలక్ష్మి. ఒక చేత్తో అక్షితను పట్టుకుని, ఇంకో చేతిలో సర్వపిండి డబ్బాతో వచ్చింది.

“ఓ యమ్మ! ఎంత కళొచ్చింది గదికి! ఫోన్ల సూసింది ఏడికి సరిపోతది?” చుట్టూ తిరిగి చూసి, కిటికీ కింద ఆగింది. “అగో అక్షితా, గిదే నీ జాగ. గాలొస్తది, వెల్తురుంటది. శభాష్ బిడ్డా, మాటంటే మాట. అడిగినట్టే మావోళ్లను ముంగట కూసొవెట్టినవ్.”

తోరణం కడుతున్న సత్యవ్వ చెయ్యి గాలిలో ఆగింది.

రూతమ్మ తలెత్తి బిడ్డను చూసింది. పొద్దున ఆ కళ్లలో కోపం ఉండింది. ఎంత కోపమైనా అందులో ఒక మూల, నా బిడ్డ తెలియక చేసిందేమో అన్న ఆశ కూడా ఉండింది. ఇప్పుడు రెండూ లేవు.

“అయితే లిస్టు గాదన్నట్టు,” అంది.

శ్రీలతకు భూమి చీలితే బాగుండుననిపించింది. ఆ గది నేలకు మొన్ననే గచ్చు వేయించింది, అదెందుకు చీలుతుంది?

“గీమె ఎవలు బిడ్డా?” రాజలక్ష్మి అడిగింది.

“మా అమ్మ, పెద్దమ్మా. బొంతలు కుట్టింది అమ్మనే.”

“అట్లనా! పుణ్యం చేసుకున్నవమ్మా, గిసొంటి బిడ్డను కన్నవ్. మీవోళ్లల్ల గింత నీటు పిల్లను నేను సూడలే. నీ బిడ్డ సంగతే వేరు.”

“వేరెట్లయితదమ్మా?” రూతమ్మ కూర్చున్న చోటు నుంచి లేవలేదు. “నా కడుపుల పుట్టిందే గదా. నేను ఏడ కూసుంటే నా బిడ్డ గూడ గాడ కూసునేదే.”

రాజలక్ష్మి ముఖం మాడిపోయింది. “అయ్యో, నేనేమన్నా ఇప్పుడు? మెచ్చుకుంటే గూడ తప్పేనా?”

“పెద్దమ్మా,” అంది శ్రీలత. “బొంతలు మారుస్తున్న. అందరు కలిసే కూసుంటరు. ముంగటి జాగ రోజుకొకలకు.”

రాజలక్ష్మి మాట్లాడేలోపే సత్యవ్వ స్టూలు దిగింది.

“అద్దు మేడం! నీ కాళ్లు మొక్కుత, గట్లనే ఉండనియ్యి. మా పోరగాండ్లు ఏడనన్న కూసుంటరు, బడి ఉంటే సాలు. ఆరుగురు పోతే ఇగ ఎనిమిదే మిగులుతరు. గదికి తాళమే. గింతంత పోరి లారీలు తిరిగే రోడ్డు మీద పక్కూరికి ఎట్ల నడుస్తది?”

“సత్యవ్వా, నీకు…”

“మాకు ఎర్కనే మేడం, ఎందుకు గట్లేసినవో. మా వాడంత ఎర్కే. నిన్న మీ అమ్మ ముంగట ఏదో నవ్వుకుంట అన్న. నవ్వకుంటే ఏం జేస్తం మరి?”

శ్రీలత తల వంచుకుంది. రాజలక్ష్మి ముందు కాదు, తల్లి ముందు కూడా కాదు, ఆ వంట మనిషి ముందు ఆమెకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఏమీ తెలియని అమాయకులను మోసం చేశాననుకుంది ఇన్నాళ్లూ. వాళ్లకు అంతా తెలుసు. తెలిసీ తోరణాలు కడుతున్నారు.

“గామెకున్న బుద్ధి నీకు లేకపాయె,” అంది రాజలక్ష్మి. కోపంగా కాదు, నిజంగానే బాధగా. “నేను మా భూమేశ్‌తోని ఫోన్ల లడాయి వెట్టుకొని ఒప్పిచ్చిన బిడ్డా. నా మన్మరాలు నా కండ్ల ముంగట సదువుకుంటదని ఎంత సంబురపడ్డనో దేవునికెర్క. గని మిగిలినోళ్లకు నేను మాటిచ్చిన. రేపు పొద్దుగాల బస్సు రాకముందే వచ్చి గది సూస్త. గిట్లనే ఉంటే ఆరుగురు ఈడ కూసుంటరు. లేకుంటే బస్సెక్కుతరు.”

“నాకు బస్సద్దు నానమ్మా,” అంది అక్షిత. ఆ పిల్ల చూపు పసుపు బొంత మీద లేదు, తలుపు దగ్గర కూర్చుని తననే చూస్తున్న నీల మీద ఉంది.

“నడువ్,” అంది రాజలక్ష్మి.

సర్వపిండి డబ్బా బల్ల మీదే ఉండిపోయింది.

వాళ్లు గేటు దాటారు. తర్వాత శ్రీలత రెండు పసుపు బొంతలు తెచ్చి తలుపు దగ్గర వేసింది, రెండు నీలివి కిటికీ కిందకు తీసుకుపోయింది. దూరంగా నిలబడి చూసింది. ఎక్కడ వేసినా నీలిది నీలిదే. ఏ బొంత ఏ వాడదో వాటిని చూసిన ఎవరైనా చెప్పేస్తారు.

“అమ్మా, ఏం చెయ్యాలె?”

రూతమ్మ కుట్టు సంచి విప్పి, కత్తెర తీసి నేల మీద పెట్టింది.

“నన్నడుగకు. ఒక్కొక్క బొంతను నాలుగు ముక్కలు కోసిస్తే అన్ని కలిపి కుట్టి, పేర్లు మల్ల కుడ్త. పొద్దూకెదాంక అయితది. అద్దంటే ఇంటికి పోదాం. కోసేది నువ్వే, అద్దనేది నువ్వే. ఈసారి నా చేతులతోని నీ పని చేపిచ్చుకోకు.”

“కోస్తే రేపు ఎనిమిది మందే ఉంటరేమో.”

“ఉంటరేమో.”

“మేడం…” అంది సత్యవ్వ. అని ఆగిపోయింది. ఆమె కళ్లు కత్తెర మీద ఉన్నాయి. వద్దంటున్నాయో, కోయమంటున్నాయో శ్రీలతకు అంతుపట్టలేదు. బహుశా ఆమెకూ తెలియదు.

శ్రీలత నేల మీద కూర్చుంది. కత్తెర అందుకుంది. చేతికి దగ్గరగా ఉన్న బొంత నీలదే. మెల్లగా కొసను లాగింది.

నీల గబుక్కున రెండో కొస పట్టుకుంది.

“నాది! నా బొంత ఎందుకు కోస్తున్నవ్ మేడం? నేనేం జేసిన?”

“నువ్వేం జెయ్యలే నీలా. నేనే… నేనే ఒక తప్పు చేసిన.”

“ఏం తప్పు?”

సత్యవ్వ మొహం పక్కకు తిప్పుకుంది. శ్రీలత తల్లి వైపు చూసింది, ఏదన్నా ఒక మాట అందిస్తుందేమోనని. రూతమ్మ సూదిలోకి దారం ఎక్కించడం ఆపి, సూదిని ఒళ్లో పెట్టుకుని, బిడ్డ కళ్లలోకి సూటిగా చూస్తోంది. నీల బొంత కొస వదలలేదు.

“చెప్పు బిడ్డా,” అంది రూతమ్మ. “పిల్ల అడుగుతున్నది.”